హరీరా: మా ఇంటి మొరాకో జావ

ఈసారి సంచికకి "వంటిల్లు" అని టాపిక్ ఇవ్వగానే మన క్లబ్ గ్రూపులో సగం మంది ఉగాది పచ్చడి అన్నారు, మిగతా సగం హాస్టల్ సాంబారు మీద పడ్డారు. నేను మాత్రం మొరాకో వాళ్ళ సూప్ గురించి రాస్తున్నా. దాని పేరు హరీరా. మాంసం, శనగలు, మసూర్, టమాటాలు, బోలెడంత కొత్తిమీర వేసి, చివర్లో పిండి కలిపిన నీళ్ళు పోసి చిక్కగా చేస్తారు. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం కాబట్టి నా ఒత్తులు, దీర్ఘాలు ఎడిటర్ అక్క చూసుకుంటుంది. వంట మాత్రం నేనే చేశా.

అరబిక్‌లో హరీర్ అంటే పట్టు. ఈ సూప్ గొంతులో పట్టులా జారుతుంది కాబట్టి ఆ పేరు వచ్చిందంటారు. రంజాన్ నెలలో మొరాకోలో దాదాపు ప్రతి ఇంట్లో సాయంత్రం ఉపవాసం విడిచేది దీంతోనే. పొద్దు గుంకి అజాన్ వినపడగానే ముందు ఖర్జూరం, తర్వాత గిన్నెడు హరీరా. పక్కన ఉడికిన గుడ్డు, దాని మీద ఉప్పూ జీలకర్ర పొడీ. ఇంకా షెబ్బాకియా అని ఒక తీపి ఉంటుంది. నువ్వులు కలిపిన పిండిని పువ్వులా మడిచి, నూనెలో వేయించి, తేనెలో ముంచుతారు. పుల్లటి సూప్ ఒక గుక్క, తీపి ఒక ముక్క, అలా తింటారట. రంజాన్‌కే కాదు, చలికాలంలో మామూలుగా కూడా చేసుకుంటారు. మరాకేష్‌లో జెమా ఎల్‌ఫ్నా అనే పెద్ద మైదానం ఉంది, అక్కడ సాయంత్రం పూట కొట్లలో గిన్నెల లెక్కన అమ్ముతారు. మన పప్పుచారు ఇంటికో రకంగా ఉన్నట్టే ఇదీ ఇంటికో రకం. కొందరు సేమ్యా వేస్తారు, కొందరు బియ్యం, కొందరు చివర్లో గుడ్డు గిలకొట్టి పోస్తారు.

ఇదంతా మా ఇంటికి ఎందుకొచ్చిందో ఇప్పుడు చెప్తా. మాది ప్రకాశం జిల్లాలో ఒక పల్లెటూరు. గత ఆగస్టులో మా తాతకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ ఒకేసారి పోయాయి. ఇరవై రోజులు ఆస్పత్రిలో ఉండి ఇంటికొచ్చాడు. కాలు కొంచెం కొంచెంగా తిరిగొచ్చింది. మాటలు ఒకటీ అరా వచ్చాయి. మేమెవ్వరం ఊహించని సమస్య ఇంకోటి ఉంది. మింగడం.

మింగడం అనేది ఒక పని అని నాకు పంతొమ్మిదేళ్ళు వచ్చేదాకా తెలీదు. నోట్లో పెట్టుకున్నది వెనక్కి వెళ్ళాలి, శ్వాసనాళం మూసుకోవాలి, అన్నవాహిక తెరుచుకోవాలి. ఇదంతా ఒక్క సెకనులో, సరైన వరసలో జరగాలి. పక్షవాతంలో ఆ వరస తప్పుతుంది. అలాంటప్పుడు అన్నిటికంటే ప్రమాదం మంచినీళ్ళు. పలచనివి గబుక్కున జారిపోతాయి కాబట్టి మూసుకోవాల్సింది మూసుకునేలోపే ఊపిరితిత్తుల వైపు వెళ్ళిపోతాయి, అక్కడ న్యుమోనియా వస్తుంది. మన ఇళ్ళల్లో అన్నం తింటూ పొలమారితే నెత్తి మీద తట్టి "ఎవరో తలుచుకుంటున్నారులే" అంటారు కదా. ఆగస్టు తర్వాత మా ఇంట్లో ఆ మాట ఎవ్వరూ అనలేదు. తాతకి పొలమారితే అందరం చేసే పని వదిలేసి లేచి నిలబడతాం.

స్పీచ్ థెరపిస్ట్ మేడమ్ నియమాలు చెప్పారు. ఏదైనా చిక్కగా ఉండాలి, మెత్తగా ఉండాలి, ఉండలుండకూడదు, పోగులుండకూడదు, జిగురుండకూడదు. పరీక్ష కూడా చూపించారు. స్పూన్‌లో తీసుకుని పక్కకి వంచితే ముద్దగా ఒక్కసారే జారిపడాలి. నీళ్ళలా కారితే పలచన, స్పూన్‌కే అతుక్కుంటే మరీ జిగురు. తినేటప్పుడు తాత నిటారుగా కూర్చోవాలి, గడ్డం కొంచెం కిందకి దించాలి, తిన్నాక అరగంట పడుకోకూడదు.

ఆ నియమాలకి సరిపోయేది మా అమ్మకి తెలిసినంతలో రాగి జావ, మెత్తగా ఉడికించిన పప్పన్నం, అంతే. సెప్టెంబర్ అదే, అక్టోబర్ అదే, నవంబర్ అదే. నేను హాస్టల్ నుంచి ఫోన్ చేస్తే అమ్మ చెప్పే వార్త ఒకటే ఉండేది, ఇవ్వాళ ఎన్ని స్పూన్లు. మొదట్లో ఇరవై, తర్వాత పన్నెండు, తర్వాత ఎనిమిది. తాత ఎడం చేత్తో గిన్నె పక్కకి నెట్టేసేవాడు. "చాల్లే" అనే మాట మాత్రం చాలా స్పష్టంగా వచ్చేది. మా తాత ఆదివారం మాంసం లేకపోతే అలిగే మనిషి. ఒక ఆదివారం పక్కింట్లో మసాలా వేగుతున్న వాసన వచ్చిందంట. తాత ఆ గోడ వైపు చూసి "కూర" అన్నాడంట. ఆ రాత్రి అమ్మ ఫోన్‌లో అది చెప్పి చాలాసేపు ఏం మాట్లాడలేదు.

మన కూరనే రుబ్బి పెట్టొచ్చు కదా అంటారేమో. పెట్టారు. కారానికి దగ్గొచ్చింది, అది ఇంకా ప్రమాదం. హలీమ్ కూడా గుర్తొచ్చింది నాకు. చిక్కగా ఉంటుంది, మాంసం ఉంటుంది. కానీ హలీమ్ గొప్పతనమే ఆ జిగురు, ఆ మాంసం పోగులు. సరిగ్గా ఆ రెండే తాతకి పనికిరావు. అందుకని నేను హాస్టల్లో కూర్చుని, ప్రాబ్లమ్ స్టేట్‌మెంట్ రాసుకున్నట్టు ఒక కాయితం మీద రాసుకున్నా. మాంసం రుచి ఉండాలి. పప్పులుండాలి. కారం ఉండకూడదు. దాని సహజ రూపమే చిక్కగా ఉండాలి, అంటే రుబ్బినా అదేదో పాడైపోయిన కూరలా అనిపించకూడదు. ఇవి పెట్టి యూట్యూబ్‌లో, వంటల సైట్లలో వెతికితే రెండో రోజు హరీరా దొరికింది. నాలుగైదు మొరాకో వీడియోలు చూశా. ప్రతి వీడియోలోనూ చివరికి గరిటె పైకెత్తి చూపిస్తారు, సూప్ దారగా కాకుండా మడతలు మడతలుగా పడుతుంది. అది చూసి థెరపిస్ట్ మేడమ్‌కి మెసేజ్ పెట్టా. ఆవిడ మర్నాడు జవాబిచ్చారు. సేమ్యా వద్దు, మొత్తం రుబ్బి జల్లెడ పట్టాలి, బీపీ కాబట్టి ఉప్పు తక్కువ, మొదటి రోజు ఐదు స్పూన్లకి మించి పెట్టొద్దు.

సంక్రాంతి సెలవులకి ఇంటికెళ్తూ కాలేజీ ఊళ్ళో సూపర్ మార్కెట్‌లో సెలరీ ఒక కట్ట, పార్స్‌లీ ఒక కట్ట కొని తడిగుడ్డలో చుట్టి బ్యాగులో పెట్టుకున్నా. బస్సులో పక్కాయన వాసన చూసి ఇదేం ఆకు బాబూ అన్నాడు. మిగతావన్నీ మా ఊళ్ళోనే దొరికేవి.

మాంసం కొట్టు భాయ్ దగ్గరకెళ్ళి భుజం ముక్క పావుకిలో, ఒక ఎముక ముక్క అడిగా. మొరాకోలో దీనికి లేత గొర్రె మాంసం వాడతారు. మా వైపు దొరికేది నెల్లూరు జాతి పొట్టేలు, లేతది చూసి ఇచ్చాడు. "ఇంట్లో ఆరుగురికి పావుకిలోనా?" అని నవ్వాడు. నేను హరీరా గురించి చెప్పా. అందులో మాంసం ముక్కలు తినడానికి కాదు, నీళ్ళకీ పప్పులకీ రుచి ఇవ్వడానికి. చిన్న చిన్నగా శనగగింజంత కోస్తారు, పావుకిలోతో ఎనిమిది గిన్నెలవుతాయి. భాయ్ కత్తి ఆపి, "ఇది మా అమ్మ చేసే రంజాన్ గంజి లాగుందే" అన్నాడు. వాళ్ళ గంజిలో బియ్యం, పెసరపప్పు, కొంచెం కైమా, కొబ్బరిపాలు. అరవ దేశంలో నోంబు గంజి అంటారు చూడండి, అదే. రోజంతా ఖాళీగా ఉన్న కడుపులోకి ముందు మెత్తగా, వెచ్చగా ఏదైనా వెళ్ళాలి అనే ఆలోచన అక్కడా ఇక్కడా ఒకటే.

శనగలు మాత్రం కొనలేదు. మాది నల్లరేగడి, కాక్-2 రకం కాబూలీ శనగ వేస్తాం. వానలు తగ్గాక అక్టోబర్, నవంబర్‌లో విత్తితే భూమిలో మిగిలిన తేమకీ పైన పడే మంచుకీ పండుతుంది, నీళ్ళు పెట్టక్కర్లేదు. ఆ ముందు ఏడాది తాత చేత్తో పండించినవి డబ్బాలో ఉన్నాయి. పొలం ఇప్పుడు నాన్న చూస్తున్నాడు. రాత్రి ఒక గుప్పెడు నానబెట్టాం.

మొరాకో వాళ్ళు హరీరాకి శనగల పొట్టు తీస్తారు. నానిన గింజని రెండు వేళ్ళ మధ్య నొక్కితే పొట్టు జారిపోతుంది. చిన్న పనే, కానీ వంద గింజలంటే విసుగు. పొద్దున నేను వసారాలో కూర్చుని ఒలుస్తుంటే తాత కుర్చీలోంచి చూస్తూ ఉన్నాడు. కాసేపటికి ఎడం చెయ్యి చాపాడు. గిన్నె ఒళ్ళో పెట్టా. ఎడం చేత్తో నాలుగు ఒలిచాడు. తర్వాత ఎవ్వరూ చెప్పకుండానే కుడి చెయ్యి ఎత్తి గిన్నెలో పెట్టాడు. ఫిజియో ఆయన వచ్చి రోజూ చేయించేది ఇదే. బొటనవేలు, చూపుడువేలు కలిపి చిన్న వస్తువు పట్టుకోవడం. ప్లాస్టిక్ పూసలిచ్చి చేయమంటే తాత వాటిని విసిరికొట్టేవాడు. శనగగింజని విసిరికొట్టలేదు. కుడి చేత్తో ఒక్క గింజ ఒలవడానికి నేను ఇరవై ఒలిచినంతసేపు పట్టింది. అది జారి కిందపడితే "అదిగో" అన్నాడు, తీసివ్వమని. మొత్తం మీద ఆ రోజు కుడి చేత్తో పదకొండు. నాయనమ్మ పక్కన నిలబడి లెక్కపెట్టింది.

మొరాకో ఎక్కడుందో తాతకి చెప్పాలని ఫోన్‌లో మ్యాప్ తీశా. ఆఫ్రికాకి పైన ఎడమ పక్క చివర, సముద్రం దాటితే స్పెయిన్. తాత ముఖంలో ఏం కనపడలేదు. అప్పుడు డీఏపీ గుర్తొచ్చింది. ప్రపంచంలో ఉన్న ఫాస్ఫేట్ రాతి నిల్వల్లో దాదాపు 70 శాతం మొరాకో కిందే ఉన్నాయి. ఖురీబ్గా అనే ఊరి దగ్గర పెద్ద గనులున్నాయి. మన దేశం ఎరువుల కోసం ఆ రాయీ, దాంతో చేసిన ఫాస్ఫారిక్ యాసిడ్, డీఏపీ మొరాకో నుంచి కొంటుంది. "తాతా, మన శనగకి వేసే డీఏపీలో భాస్వరం ఉంటుంది చూడు, ఆ రాయి తవ్వే దేశం ఇది" అన్నా. తాత ఫోన్ దగ్గరికి లాక్కుని మ్యాప్ మళ్ళీ చూశాడు. నలభై ఏళ్ళు బస్తాలు మోసిన మనిషికి దేశం పేరుకంటే ఆ బస్తా బాగా అర్థమైంది.

ఇక వంట. రాసుకునేవాళ్ళకి కొలతలు: మాంసం పావుకిలో, ఎముక ఒకటి, నానబెట్టి పొట్టు తీసిన శనగలు ఒక కప్పు, పొట్టుతో ఉన్న మసూర్ అర కప్పు, టమాటాలు ముప్పావు కిలో, పెద్ద ఉల్లిపాయ ఒకటి, సెలరీ రెండు కాడలు ఆకులతో సహా, కొత్తిమీర ఒక కట్ట, పార్స్‌లీ సగం కట్ట, శొంఠి పొడి ఒక చెంచా, మిరియాల పొడి ఒక చెంచా, పసుపు అర చెంచా, దాల్చిన చెక్క వేలెడంత, నెయ్యి రెండు చెంచాలు, మైదా ఐదు పెద్ద చెంచాలు, నీళ్ళు రెండు లీటర్లు, నిమ్మకాయలు.

అక్కడ నెయ్యి బదులు స్మెన్ అని వేస్తారు. ఉప్పు కలిపి నెలల తరబడి ఊరబెట్టిన వెన్న, వాసన గట్టిగా ఉంటుంది. మా నాయనమ్మ దగ్గర అడుగున మిగిలిపోయిన పాత నెయ్యి ఉంటే అదే వేశా. ఉల్లిపాయని తురమాలి, కోయకూడదు, అప్పుడే సూప్‌లో కరిగిపోతుంది. నెయ్యిలో మాంసం, ఉల్లి తురుము, సన్నగా తరిగిన సెలరీ, సగం కొత్తిమీర, పార్స్‌లీ, పొడులన్నీ, దాల్చిన చెక్క వేసి మాంసం రంగు మారేదాకా వేయించా. తర్వాత శనగలు, తొక్క తీసి తురిమిన టమాటాలు. ఒక లీటరు నీళ్ళు పోసి కుక్కర్‌లో ఏడు కూతలు. మూత తీశాక మసూర్, మిగతా నీళ్ళు వేసి మూత పెట్టకుండా అరగంట. మసూర్‌ని మొదటే వేస్తే పూర్తిగా పేస్టయిపోతుంది. తాత వాటాకి పర్లేదు గానీ మిగతా ఐదుగురం నమిలి తినేవాళ్ళం కదా.

నాయనమ్మ గుమ్మంలో నిలబడి అంతా చూస్తోంది. మసాలా డబ్బా నేను మూసేశాక అడిగింది.

"కారం ఎప్పుడేస్తావు అబ్బయా?"

"వెయ్యరు నాయనమ్మా."

"కారం లేకుండా మాంసమా? వాళ్ళకి మిరపకాయలు పండవా?"

ఇక్కడ నేను కొంచెం లెక్చర్ ఇచ్చా, మీకు కూడా ఇస్తా. మిరపకాయ మనది కాదు, టమాటా మొరాకో వాళ్ళది కాదు. రెండూ అమెరికా ఖండాల మొక్కలు. 1492లో కొలంబస్ అటు వెళ్ళాకే ఇవి సముద్రాలు దాటాయి. మనం మిరపకాయని ఎంత మనది చేసుకున్నామంటే గుంటూరు పేరు దానికే అంటుకుంది. వాళ్ళు హరీరాలో టమాటాని అలా చేసుకున్నారు. అంటే అంతకుముందు మన మాంసం కూరలో పచ్చిమిర్చీ ఎండుమిర్చీ లేవు, మిరియాలే. వాళ్ళ హరీరా కూడా ఎర్రగా ఉండేది కాదు.

అంతకుముందు కూడా హరీరా ఉందని ఎలా తెలుసంటే, మన దేశం గురించి రాసిన పుస్తకంలోనే ఉంది. ఇబ్న్ బతూతా పేరు మనందరం సోషల్ టెక్స్ట్‌బుక్‌లో చదివాం, మహమ్మద్ బిన్ తుగ్లక్ పాఠంలో. ఆయన మొరాకోవాడు, 1304లో టాంజియర్‌లో పుట్టాడు. ఇరవై ఒక్కేళ్ళకి ఇల్లు వదిలి, 1333లో సింధు నది దాటి, ఢిల్లీలో తుగ్లక్ దగ్గర ఖాజీగా చేశాడు. తిరిగి వెళ్ళాక ఫెజ్ నగరంలో తన ప్రయాణాలన్నీ చెప్పి రాయించాడు, 1355లో అది పూర్తయింది. అందులో మన ధాన్యాలు, పప్పుల గురించి చెప్తూ, ఇక్కడివాళ్ళు పెసలు బియ్యం కలిపి వండి నెయ్యి వేసుకుని పొద్దున్నే తింటారని, దాన్ని కిచిడీ అంటారని చెప్పాడు. మరి మొరాకోలో చదివేవాళ్ళకి కిచిడీ అంటే ఎలా అర్థమవ్వాలి? మన దగ్గర హరీరా ఎలాగో వాళ్ళకి ఇది అలాగ, అని పోల్చాడు. దాదాపు ఏడొందల ఏళ్ళ కిందట ఒక మొరాకో మనిషి మన పప్పన్నం చూసి సొంత ఇంటి హరీరా గుర్తు చేసుకున్నాడు. ఆ పేజీ చదివినప్పుడు నాకు మా అమ్మ గుర్తొచ్చింది. తాతకి రోజూ పెడుతున్నది సరిగ్గా అదే పెసరపప్పన్నం.

నాయనమ్మ మొత్తం విని, "అయితే మిరపకాయ లేనప్పుడు మనోళ్ళు ఎట్టా బతికారంటావు?" అంది. అది మాత్రం టెక్స్ట్‌బుక్‌లో లేదు.

చివరి పని పిండి కలపడం. అక్కడ దాన్ని తద్వీరా అంటారు. మైదాని ముందు చన్నీళ్ళలో ఉండల్లేకుండా కలిపి, మరుగుతున్న సూప్‌లో సన్నటి దారగా పోస్తూ ఒక చెయ్యి ఆపకుండా తిప్పుతూనే ఉండాలి. వేడి నీళ్ళలో పొడి పిండి వేస్తే పైపొర వెంటనే ఉడికిపోయి లోపల పచ్చి పిండి ఉండలా ఉండిపోతుంది. కొన్ని ఇళ్ళల్లో ఈ పిండి నీళ్ళని ముందు రోజే కలిపి పులియబెడతారు, ఆ పులుపు సూప్‌కి వస్తుందని. నేను పోయడం మొదలుపెట్టగానే నాయనమ్మ లోపలికి వచ్చేసి గరిటె తీసుకుంది. "ఇది జావే కదరా. రాత్రి పిండి కలిపి పులవబెట్టి పొద్దున కాచే అంబలి. దీనికింత చదువెందుకు?" అంది. ఆవిడ మణికట్టు తిప్పే తీరు వీడియోలో మొరాకో పెద్దావిడ తిప్పినట్టే ఉంది. పిండి పచ్చివాసన పోయేదాకా పదిహేను నిమిషాలు సన్నమంట మీద ఉంచి, మిగిలిన కొత్తిమీర వేసి దించాం. మా ఐదుగురి వాటాలో గుప్పెడు సేమ్యా వేశాం. వాళ్ళలాగే గిన్నెకో నిమ్మచెక్క.

తాత వాటా వేరే తీసి, ఎముక, దాల్చిన చెక్క ఏరేసి, మిక్సీలో వేసి, జల్లెడ పట్టా. జల్లెడలో మాంసం పోగులు, మసూర్ పొట్టు మిగిలాయి. శనగ పొట్టు లేదు, అది తాతే తీసేశాడు. స్పూన్ వంచి చూశాం, ముద్దగా జారింది. ఇక్కడ థెరపిస్ట్ మేడమ్ చెప్పిన ఒక మాట చెప్పాలి. పిండితో చిక్కబడినవాటిని ఉమ్ము పలచన చేస్తుంది, ఎందుకంటే ఉమ్ములో పిండిని విరగ్గొట్టే ఎంజైమ్ ఉంటుంది. అందుకని నోట్లో పెట్టిన స్పూన్ మళ్ళీ పెద్ద గిన్నెలో ముంచకూడదు. చిన్న కప్పులో కొంచెం కొంచెం పోసుకోవాలి. టెన్త్‌లో ఎమైలేజ్ అని బట్టీపట్టిన పదం మా తాత గిన్నె దగ్గర పనికొస్తుందని అనుకోలేదు. ఇంకో మాట, మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటి ఇబ్బందుంటే నా రెసిపీ చూసి పెట్టేయకండి. ఏ చిక్కదనం సరిపోతుందో పరీక్ష చేసి చెప్పేవాళ్ళని అడగండి, మనిషికీ మనిషికీ మారుతుంది.

అమ్మ తినిపించింది. మొదటి స్పూన్ నోట్లో పెట్టుకుని తాత చాలాసేపు మింగలేదు. మేం ఐదుగురం ఆయన గొంతు వైపే చూస్తున్నాం. గుటక పడింది. దగ్గు రాలేదు. రెండోది. మూడోది మింగాక అమ్మ చేతిలో గిన్నె వైపు చూసి, తర్వాత నాయనమ్మ వైపు తిరిగి, "కారమేదే?" అన్నాడు.

ఆగస్టు నుంచి మా తాత నోట్లోంచి "చాల్లే", "కూర", "అదిగో", "నీళ్ళు", ఇలాంటి పదాలు వచ్చాయి. ప్రశ్న రావడం అదే మొదలు. నాయనమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, "డాక్టరునడుగు, నన్నడుగుతావే. నేనూ అదే అంటన్నా పొద్దుట్నుంచీ" అని గట్టిగా అరిచింది. అమ్మ, "మావయ్యా, ఇంకో రెండే, అయిపోయాయి" అంది. ఐదు స్పూన్లతో ఆపేశాం. ఆరోదానికి నోరు తెరిచాడు గానీ మేడమ్ మాట మీద నిలబడ్డాం.

ఆ సెలవుల్లో ఇంకో మూడుసార్లు చేశాం. ఇప్పుడు నేను లేకపోయినా ఆదివారం నాయనమ్మే చేస్తుంది. ఆవిడ దాన్ని "హరిహరా" అంటుంది, ఎంత చెప్పినా మారదు. సెలరీ లేకపోతే కొత్తిమీర కాడలు దంచి వేస్తుంది. మైదా బదులు రాగిపిండి వేసి చూసింది, రంగు నల్లబడినా బావుందంట. రంజాన్‌లో ఒక రోజు అమ్మ క్యానులో పోసి మాంసం కొట్టు భాయ్ ఇంటికి పంపితే, కొబ్బరిపాలు పడుంటే ఇంకా బావుండేదని వాళ్ళమ్మగారు కబురు పంపారు. ప్రతి ఇంటికీ ఒక్కో హరీరా అన్నానుగా.

ఇది తిని తాతకి మాటొచ్చేసింది అని రాస్తే కథ బావుంటుంది గానీ, అలా జరగలేదు. మాట ఇంకా రెండు మూడు ముక్కలే. మంచినీళ్ళు ఇప్పటికీ పొడి కలిపి చిక్కగా చేసే ఇస్తున్నారు. జావని ఇప్పటికీ నెట్టేస్తాడు. మారింది ఏంటంటే, ఆదివారం పూట ఇరవై స్పూన్లు దాటుతున్నాయి, డిసెంబర్‌లో తగ్గిన బరువులో ఒకటిన్నర కిలో వెనక్కొచ్చింది. శనివారం సాయంత్రం శనగలు నానబెట్టామో లేదో చూడమని నాయనమ్మకి చేత్తో సైగ చేస్తాడు. పోయిన వారం కుడి చేత్తో నలభై మూడు ఒలిచాడు. నేను ఫోన్ చేస్తే అమ్మ ఇప్పుడు రెండు అంకెలు చెప్తుంది, ఎన్ని స్పూన్లు, ఎన్ని గింజలు.

ఈ వారం మిడ్స్ అయిపోతాయి. శుక్రవారం బస్సెక్కే ముందు సెలరీ కట్ట కొనాలి.